ఒక బద్ద, నాలుగు మేకులు: లేత్‌పై కొయ్య పనిలో కొలత తప్పనివ్వని ఇంటి సాధనాలు

చదరంగం పెట్టెలో 32 పావులుంటాయి. వాటిలో సగం, అంటే 16, బంట్లే. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య సూచనల ప్రకారం బంటు ఎత్తు 5 సెంటీమీటర్లు, రాజు ఎత్తు 9.5 సెంటీమీటర్లు ఉండాలి. పావు అడుగుభాగపు వ్యాసం దాని ఎత్తులో 40 నుంచి 50 శాతం మేర ఉండాలి. చేయి తిరిగిన పనివారికి ఒక బంటును అందంగా తీర్చడం కష్టమేమీ కాదు. కానీ పదహారింటినీ పక్కపక్కన నిలబెట్టినప్పుడు ఒక్కటి కూడా వేరుగా కనిపించకుండా చేయడం మరో విద్య.

మొదటిదానికి కన్ను, చేయి చాలు. రెండోదానికి జ్ఞాపకం కావాలి. ఆ జ్ఞాపకాన్ని చేతిలోంచి తీసి ఒక చెక్కముక్కకు అప్పగించే ఉపాయమే గుర్తు సాధనాలు. వీటిలో చాలావాటిని మిగిలిపోయిన ప్లైవుడ్, వెదురు బద్ద, చిన్న మేకులు, పాత కాగితంతో ఇంట్లోనే చేసుకోవచ్చు. అవి ఎలా పనిచేస్తాయి? ఎలా తయారుచేయాలి? ఎక్కడ జాగ్రత్త పడాలి?

తరిమెన నుంచి లేత్ వరకు

కొయ్యను రెండు మొనల మధ్య బిగించి, గిర్రున తిప్పుతూ, ఉలిని ఆనించి గుండ్రంగా తొలిచే యంత్రం లేత్. దీనికి తెలుగులో ‘తరిమెన’ అనే పాత మాట ఉంది. ‘తరిమెన పట్టడం’ అంటే ఈ విధంగా కొయ్యను గుండ్రంగా తీర్చడమే. ఇప్పుడు పనిస్థలాల్లో లేత్ అన్న మాటే స్థిరపడింది. మంచం కోళ్లు, కవ్వం, బొంగరం, అప్పడాల కర్ర, కుంకుమ భరిణె, పిల్లల లక్కపిడతలు అన్నీ ఈ పనినుంచి వచ్చినవే.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక ఈ విద్యకు ప్రసిద్ధి. అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ సహజ రంగుల వాడకాన్ని ప్రోత్సహించిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ పురస్కారం దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే సాగింది. ఏటికొప్పాకలో వాడే తెల్లని అంకుడు కొయ్యనే కర్ణాటకలోని చన్నపట్న బొమ్మల తయారీలోనూ సంప్రదాయంగా వాడుతూ వచ్చారు. పూర్వం విల్లువంటి కర్రకు తాడు కట్టి ముందుకూ వెనక్కూ లాగుతూ తిప్పేవారు. నేడు చాలాచోట్ల విద్యుత్ మోటారు ఆ పని చేస్తోంది. తిప్పే శక్తి మారినా, ఒక బొమ్మ కొలతను మరో బొమ్మకు చేర్చవలసిన అవసరం మారలేదు.

కొలవడం వేరు, కొలతను తరలించడం వేరు

కొత్తగా పని నేర్చుకునేవారు ప్రతి ముక్కనూ స్కేలుతో మళ్లీ మళ్లీ కొలుస్తారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది. ఒక బల్ల కాలుపై ఆరు భాగాలున్నాయనుకుందాం. ఒక భాగం ముగిసిన చోటునుంచి తర్వాతి భాగాన్ని కొలుస్తూ పోతే, ప్రతిసారీ అర మిల్లీమీటరు చొప్పున ఒకే వైపు తేడా వచ్చినా ఆరో గీత దగ్గరకు చేరేసరికి అది 3 మిల్లీమీటర్లవుతుంది. తప్పులు ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. అన్ని గీతలనూ ఒకే కొసనుంచి కొలిస్తే ఏ గీత తప్పు ఆ గీతకే పరిమితమవుతుంది.

నాలుగు కాళ్లకు విడివిడిగా ఈ పని చేస్తే మరో చిక్కు ఎదురవుతుంది. ఒక్కో కాలు చూడటానికి బాగానే ఉంటుంది. నాలుగూ ఒక బల్లకు చేరాక మాత్రం ఒకదాని కంకణం పైకి, మరోదానిది కిందికి ఉన్నట్టు కంటికి పట్టుబడుతుంది. చూసేవారికి అసలు కొలత ఎంతో తెలియదు. పక్కదానితో పోలికే తెలుస్తుంది.

అందువల్ల లేత్ పనిలో ప్రధాన సూత్రం ఇది: ఒక్కసారి జాగ్రత్తగా కొలవాలి; ఆపైన ఆ కొలతను అంకెల ప్రమేయం లేకుండా నేరుగా తరలించాలి.

గుర్తుల బద్ద

అన్నిటికన్నా సులువైన సాధనం ఇదే. సుమారు 30 మిల్లీమీటర్ల వెడల్పు, 5 లేదా 6 మిల్లీమీటర్ల మందం ఉండి, చేయబోయే వస్తువుకన్నా కాస్త పొడవైన సన్నని బద్ద తీసుకోవాలి. దాని ఒక కొసను మట్టంతో సరిచూసి నున్నగా కోయాలి. ఆ కొసే అన్ని కొలతలకూ మొదలు.

వస్తువు నమూనాను పక్కన పెట్టి, ఎక్కడ పూస మొదలవుతుందో, ఎక్కడ గాడి ముగుస్తుందో, ఎక్కడ మెడ సన్నబడుతుందో బద్ద అంచుపై పెన్సిలుతో గుర్తించాలి. ప్రతి గుర్తు దగ్గరా ముక్కోణపు ఆకురాయితో చిన్న గాటు పెట్టాలి. గాటు పెన్సిలు మొన నిలిచేంత ఉంటే చాలు. ప్రతి గాటు పక్కన అక్కడ ఉండవలసిన వ్యాసాన్ని బద్దమీదే రాసుకోవాలి. వస్తువు పేరు, తేదీ కూడా రాస్తే మేలు.

ముందుగా కొయ్యను స్తంభంలా సమంగా గుండ్రం చేసి, లేత్ ఆపాలి. బద్దను కొయ్యకు ఆనించి, ఒక్కో గాటులో పెన్సిలు మొన ఉంచి, కొయ్యను చేతితో ఒక చుట్టు తిప్పితే చుట్టూ గీత పడుతుంది. పెన్ను వాడకూడదు. సిరా కొయ్య పోగుల్లోకి ఇంకిపోతుంది. అంకుడువంటి తెల్లని కొయ్యపై లేతరంగు లక్క పూస్తే ఆ మరక బయటికి కనిపించే ప్రమాదముంది. పెన్సిలు గీత గరుకు కాగితంతో పోతుంది.

బద్దను కొయ్య పోగుల పొడవు దిశలోనే కోయడానికి కారణముంది. గాలిలో తేమ మారినప్పుడు కొయ్య అడ్డంగా గణనీయంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. పోగుల పొడవునా ఆ మార్పు అత్యల్పం. అందుకే వానకాలంలో చేసిన బద్ద వేసవిలోనూ నమ్మకంగా పనికొస్తుంది. బాగా ఎండిన వెదురు బద్ద కూడా ఇందుకు అనువైనదే.

మేకుల బద్ద

ఒకే వస్తువును వందల సంఖ్యలో చేసేటప్పుడు ఒక్కో గాటులో పెన్సిలు ఉంచే సమయం కూడా భారమే. అప్పుడు గాటులకు బదులు మేకులు దిగగొడతారు. గుర్తులున్న చోట బద్ద అంచులోకి సన్నని రంధ్రాలు చేసి, చిన్న మేకులు దించి, తలలు కత్తిరించి, పైకి వచ్చిన కొసలను ఆకురాయితో మొనదేల్చాలి. మొనలన్నీ 2 లేదా 3 మిల్లీమీటర్లు మాత్రమే బయటికి రావాలి. అన్నీ ఒకే వరుసలో, ఒకే ఎత్తులో ఉండాలి. ముందుగా రంధ్రం చేయకుండా మేకు కొడితే సన్నని బద్ద చీలుతుంది.

వాడేటప్పుడు బద్దను ఉలి ఆనించే కమ్మీపై గట్టిగా ఆనించాలి. మొనలు కాస్త కిందికి వాలి ఉండాలి. నెమ్మదిగా తిరుగుతున్న కొయ్యకు తేలికగా తాకిస్తే, గీతలన్నీ ఒకేసారి పడతాయి. కొయ్య పూర్తిగా గుండ్రం కాకముందు, వేగంగా తిరుగుతున్నప్పుడు దీన్ని తాకించకూడదు. మొన పలకల మూలకు చిక్కితే బద్ద చేతిలోంచి ఎగిరిపోతుంది. పని నేర్చుకుంటున్నవారు పెన్సిలు గాటులతోనే మొదలుపెట్టడం క్షేమం.

కేంద్రం చూపే పలక

కొయ్యముక్కను లేత్‌పై బిగించాలంటే రెండు కొసల్లోనూ కేంద్రం తెలియాలి. చదరపు కొసకు మూలనుంచి మూలకు రెండు గీతలు గీస్తే అవి కలిసే చోటే కేంద్రం. ఇక్కడ నిర్లక్ష్యం చేస్తే నష్టం రెట్టింపు. 50 మిల్లీమీటర్ల చదరపు ముక్కలోంచి అంతే వ్యాసమున్న స్తంభం తీయవచ్చు. కేంద్రం ఒక అంచువైపు 2 మిల్లీమీటర్లు జరిగితే, గరిష్ఠంగా 46 మిల్లీమీటర్లే దక్కుతుంది. మిగతాదంతా పొట్టుగా రాలిపోతుంది.

కొమ్మలా గుండ్రంగా ఉన్న ముక్కకు మూలలుండవు. దానికి చిన్న పలక చేసుకోవచ్చు. ప్లైవుడ్ ముక్కపై ఒక నిలువు గీత గీసి, దాని వెంట తిన్నని అంచున్న బద్దను అతికించాలి. ఆ అంచుకు ఇరువైపులా సమాన దూరంలో రెండు చిన్న మేకులు బిగించాలి. ఆ రెండింటినీ కలిపే గీత నిలువు అంచుకు లంబంగా ఉండాలి. గుండ్రని కొసపై బద్దను పరిచి, మేకులు రెండూ ముక్క పక్కకు తాకేలా ఉంచితే, బద్ద అంచు తప్పనిసరిగా కేంద్రం మీదుగానే పోతుంది. వృత్తం రెండు మేకులకూ ఒకేలా తాకినప్పుడు వాటి మధ్యగీతపైనే కేంద్రం ఉంటుందన్న పాఠశాల జ్యామితే దీనికి ఆధారం. ముక్కను కొద్దికొద్దిగా తిప్పి మూడు గీతలు గీస్తే అవి కలిసే బిందువు కేంద్రం. కొమ్మ సరైన వృత్తంలా లేకపోతే గీతలు చిన్న త్రిభుజాన్ని ఏర్పరుస్తాయి. దాని నడుమ గుర్తు పెట్టాలి.

వ్యాసాన్ని చెప్పే గాడి

పొడవు గుర్తులు పడ్డాక, ప్రతి గుర్తు దగ్గరా కొయ్య ఎంత సన్నబడాలో తెలియాలి. వెర్నియర్ కాలిపర్ ఉంటే కచ్చితమైన అంకె తెలుస్తుంది. కానీ రోజుకు వందసార్లు అంకె చదవడం కన్నా, ‘పట్టిందా, పట్టలేదా’ అని చూడటం వేగవంతం.

పలచని ప్లైవుడ్ ముక్క అంచులో కావలసిన వెడల్పుతో ఒక గాడి కోయాలి. ఆ గాడినే రెండు మెట్లుగా చేస్తే మరింత ఉపయోగం. ఉదాహరణకు 20 మిల్లీమీటర్ల మెడ కావాలి, అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదనుకుందాం. గాడి వెలుపలి భాగం 20.5, లోపలి భాగం 19.5 మిల్లీమీటర్లు ఉండాలి. కొయ్య వెలుపలి మెట్టులోకి దూరి, లోపలి మెట్టు దగ్గర ఆగిపోతే అది సరైనది. వెలుపలే దూరకపోతే ఇంకా తొలవాలి. లోపలికీ దూరిపోతే పరిమితి దాటి సన్నబడినట్టు. అక్షరం రానివారు కూడా ఈ పరీక్ష చేయగలరు.

ఇంకా సులభమైన మార్గం పాత స్పానర్లు. 10, 12, 13, 14, 17, 19 మిల్లీమీటర్ల కొలతల్లో దొరికే ఈ పనిముట్ల నోరు ఇనుముతో చేసినది కాబట్టి అరగదు. నట్టు సులువుగా దూరడానికి నోరు చెప్పిన కొలతకన్నా రవ్వంత వెడల్పుగా ఉంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

పని క్రమం ఇలా ఉండాలి: కొయ్యను స్తంభం చేయడం, గీతలు వేయడం, ముఖ్యమైన గీతల దగ్గర సన్నని ఉలితో లోతు గాట్లు పెట్టి గాడితో సరిచూడటం, ఆ తర్వాతే పూసలనూ పల్లాలనూ తీర్చడం. ఈ క్రమం తప్పితే గీతలు ముందే చెక్కుకుపోయి దారి చూపేవి మిగలవు.

కుంకుమ భరిణె మూతవంటి వాటికి మరో లెక్క ఉంది. తిరిగే కొయ్యకు లక్క కర్రను ఒత్తినప్పుడు రాపిడి వేడికి లక్క కరిగి పొరలా పరుచుకుంటుంది. ఆ పొరకూ మందం ఉంటుంది. లక్క పూసే చోట మూత బిగింపు ఉంటే గాడిని ఆ మేరకు చిన్నదిగా కోసుకోవాలి. పచ్చి కొయ్యపై తీసిన కొలత ఎండాక నిలవదు. ఎండే క్రమంలో గుండ్రని వస్తువు కోలగా మారుతుంది. కాబట్టి బిగింపు కొలతలు బాగా ఎండిన కొయ్యపైనే తీయాలి.

పిల్లల వస్తువులు చేసేవారు మరో గేజ్ ఉంచుకోవడం మంచిది. మూడేళ్లలోపు పిల్లల ఆటవస్తువుల్లో గొంతుకు అడ్డుపడేంత చిన్న భాగాలు ఉండకూడదన్నది భద్రతా ప్రమాణం. అందుకు వాడే గొట్టం లోపలి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అడుగు ఏటవాలుగా ఉండి లోతు 25.4 నుంచి 57.1 మిల్లీమీటర్ల వరకు మారుతుంది. ఏ దిశలో ఉంచినా, నొక్కకుండానే అందులో పూర్తిగా ఇమిడిపోయే భాగం ప్రమాదకరం. ఇంట్లో చేసిన గొట్టం అధికారిక పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. బొమ్మ కొలత నిర్ణయించే దశలోనే హెచ్చరించడానికి మాత్రం చాలు.

చుట్టుకొలతను భాగించే కాగితం

భరిణె చుట్టూ ఎనిమిది చుక్కలు, గిలక చుట్టూ ఆరు రంధ్రాలు సమదూరంలో కావాలంటే కాగితపు పట్టీ చాలు. పట్టీని వస్తువు చుట్టూ బిగుతుగా చుట్టి, కొస కలిసే చోట కత్తిరించాలి. దాన్ని సగానికి మడిస్తే రెండు, మళ్లీ మడిస్తే నాలుగు, మరోసారి మడిస్తే ఎనిమిది భాగాలు వస్తాయి. మడతల దగ్గర గుర్తుపెట్టి తిరిగి వస్తువుకు చుట్టి, పెన్సిలుతో గుర్తులు దించుకోవాలి. ఇందులో అంకెలు లేవు, భాగహారం లేదు. అందుకే తప్పు కూడా తక్కువ.

ఆరు భాగాలకు బడిపిల్లల వృత్తలేఖిని సరిపోతుంది. వస్తువు చదునైన ముఖంపై వృత్తం గీసి, అదే వ్యాసార్ధంతో వృత్తం వెంట అడుగులు వేస్తూ పోతే సరిగ్గా ఆరో అడుగుకు మొదటి చోటికే చేరుతాం. అదే ముఖంపై కేంద్రం చుట్టూ వలయాలు గీయడానికి విభాగిని పనికొస్తుంది. కానీ కొయ్య తిరుగుతుండగా దాని రెండు మొనలనూ ఒకేసారి తాకించకూడదు. ఎడమవైపు మొనతోనే గీసి, గీత రెండో మొన ఎదుటికి వచ్చిందో లేదో చూసి సరిచేసుకోవాలి. కుడి మొన తాకితే పైకి లేస్తున్న కొయ్య దాన్ని విసిరికొడుతుంది.

లోతు, ఆకారం

గిన్నె లోపల ఎంత తొలిచామో బయటినుంచి కనిపించదు. అడుగు చిల్లుపడితే అప్పటిదాకా చేసిన శ్రమంతా వృథా. గిన్నె అంచుపై అడ్డంగా ఆనే బద్ద మధ్యలో బిగుతైన రంధ్రం చేసి, అందులో సన్నని గుండ్రని పుల్ల దూర్చితే లోతు గేజ్ సిద్ధం. పుల్ల అడుగును తాకాక, బద్ద కిందికి దిగిన భాగమే లోతు. దాన్ని గిన్నె పక్కన బయట ఆనించి చూస్తే అడుగు మందం ఎంత మిగిలిందో తెలుస్తుంది. బరమా ములుకుకు రంగు టేపు చుట్టడం కూడా ఇలాంటి ఉపాయమే.

ఆకారానికి అట్టముక్క చాలు. గుండ్రని వస్తువుకు అన్నివైపులా ఒకే రూపురేఖ ఉంటుంది కనుక, సగం రూపాన్ని అట్టపై గీసి, వస్తువు ఉండవలసిన భాగాన్ని కత్తిరించి తీసేయాలి. మిగిలిన అట్టను ఆగివున్న కొయ్యకు ఆనించి వెలుతురుకు ఎదురుగా చూస్తే, వెలుగు చొరబడే చోట పల్లం ఎక్కువైనట్టు, అట్టను తోసే చోట ఇంకా తొలవాలన్నట్టు. పాత ఎక్స్‌రే ఫిల్ము వంటి గట్టి ప్లాస్టిక్ అయితే మరింత కాలం మన్నుతుంది.

ముందు చేతులు, తర్వాత కొలతలు

ఈ సాధనాలు చవకైనవే గాని, లేత్ పక్కన ఏ పొరపాటూ చవకైనది కాదు. మేకుల బద్ద, విభాగిని మినహా మిగతావన్నీ యంత్రం పూర్తిగా ఆగాకే వాడాలి. చేతి తొడుగులు, వేలాడే కండువా, చున్నీ, వదులు చేతులున్న చొక్కా, గాజులు లేత్ దగ్గర వద్దు. కంటికి అద్దాలు తప్పనిసరి. ఉలి కమ్మీని జరిపాక, యంత్రం నడిపే ముందు, కొయ్యను చేతితో ఒకసారి తిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి.

సాధనాలకూ ఆయుష్షు ఉంటుంది. ప్లైవుడ్ గాడి వాడేకొద్దీ అరిగి వెడల్పవుతుంది. అందువల్ల ప్రతి గేజ్‌కూ ఒక అసలు ప్రతిని విడిగా దాచి, పనిలో వాడేదాన్ని అప్పుడప్పుడు దానితో సరిచూడాలి. కొత్త బద్దను పాత బద్దనుంచి కాక, అసలు ప్రతినుంచే తీయాలి. నకలుకు నకలు తీస్తూ పోతే తప్పులు మళ్లీ పేరుకుంటాయి.

ఒక బద్దపై ఆధారపడినది ఎంత?

సంతలో ఒక్కో బొమ్మ అమ్మేటప్పుడు చిన్న తేడా అందంగానే ఉంటుంది. చేతిపని అనడానికి అదే సాక్ష్యం. కానీ చదరంగం పెట్టెలోనో, మూత బిగిసే భరిణెలోనో, వందల సంఖ్యలో కోరే ఆర్డరులోనో ఆ తేడాయే తిరస్కరణకు కారణమవుతుంది. తిరిగివచ్చిన సరుకులో కొయ్య, లక్క, రోజుల కూలి అన్నీ కలిసి ఉంటాయి.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులకు వర్తిస్తుంది. వాటిలో వడ్రంగం, సంప్రదాయ బొమ్మల తయారీ ఉన్నాయి. పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు ఇ-వోచర్ రూపంలో సాయం అందుతుంది. గుర్తు సాధనాలను ఇంట్లోనే చేసుకుంటే ఆ సొమ్మును ఇంట్లో చేసుకోలేని మంచి ఉలులకూ, ఇతర పనిముట్లకూ కేటాయించుకోవచ్చు.

డబ్బుతో లెక్కకు రానిది మరొకటుంది. చాలా ఇళ్లలో బొమ్మ కొలతలు పెద్దవారి చేతిలోనే ఉంటాయి. ఆ చేయి ఆగిన రోజున కొలతలూ పోతాయి. పేరు, తేదీ, వ్యాసాలు రాసివున్న బద్ద గోడకు వేలాడుతుంటే, పదేళ్ల తర్వాత అదే ఆర్డరు వచ్చినా మనవరాలు దాన్ని తీసుకుని పని మొదలుపెట్టగలదు. ఒకే బద్దకు నాలుగు నకళ్లు తీస్తే నాలుగు ఇళ్లు కలిసి ఒక పెద్ద ఆర్డరు పూర్తిచేయగలవు.

నైపుణ్యానికి ఈ బద్ద ప్రత్యామ్నాయం కాదు. ఉలిని ఎంత వాల్చాలో, లక్కను ఎప్పుడు ఒత్తాలో, మొగలి ఆకుతో మెరుగు ఎప్పుడు పెట్టాలో అది చెప్పదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో మాత్రం చెబుతుంది. పదహారో బంటు మొదటి బంటులా ఉండటానికి ఆ రెండూ తెలియాలి.